మల్లారం అటవీ నడక

నిజామాబాద్ పట్టణానికి సుమారు 7 కిలోమీటర్ల దూరంలో ఉన్న మల్లారం అడవిలో కాలిబాటల వెంట సాగే ప్రకృతి విహారం. నడక దారులు, చుట్టూ చూడటానికి కావలి బురుజు ఉన్నాయి. ఇక్కడి పుట్టగొడుగు ఆకారపు రాతి వయసు 145 కోట్ల ఏళ్లని పర్యాటక ప్రచారం.

మల్లారం ఎండాకాలంలో ఆకు రాల్చే పొడి అడవి. వానలు వెనుదిరిగాక నడక హాయిగా ఉంటుంది కాబట్టి ఎక్కువమంది అప్పుడే వస్తారు. చెట్లను గుర్తుపట్టాలనుకునేవారికి మాత్రం ఫిబ్రవరి, మార్చి నెలలే మేలు. ఆకుల్లేని కొమ్మలకు మోదుగ ఎర్రగా పూస్తుంది, ఆ వెనుకే ఇప్పపూలు రాలుతాయి. బెరడు చూసి నల్లమద్దిని, తునికిని పోల్చుకోవచ్చు. తెలిసినవారు వెంట ఉంటేనే ఇదంతా కంటికి ఆనుతుంది.

తెలంగాణలో 2015లో మొదలైన హరితహారం అనే మొక్కల పెంపకం కార్యక్రమంలో కొత్త మొక్కలతో పాటు క్షీణించిన ఇలాంటి అడవుల పునరుద్ధరణా భాగంగా ఉండేది. నరికిన టేకు మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. పశువుల మేతను, వేసవి మంటలను ఆపి, వాననీటికి కందకాలు తవ్వితే చాలాచోట్ల అడవి తనంతట తానే లేస్తుంది.

1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయం నీటితో బోధన్ వైపు చెరకు, వరి పొలాలు విస్తరించాయి. అలాంటి సాగు నేల పక్కన మిగిలిన ఈ కాస్త అడవీ విలువైనదే.