ప్రాణము నిలుపు విద్య: ఆరణి యేటి కిరువైపులా దాని చరిత్ర

ఉగాదినాడు పంచాంగ శ్రవణములో ఆదాయ వ్యయములు, రాజపూజ్య అవమానములు శ్రద్ధగా వినుట మన వాడుక. వీనికన్నింటికిని ముందు ప్రాణము నిలువవలెను గదా! ఆపదలో నున్నవానిని ఆసుపత్రి వాకిలి చేర్చులోపల ప్రాణము నిలుపు విద్య యొకటి కలదు. దానిని నేర్చినవారిని అత్యవసర వైద్య సహాయకులని, పొడి అక్షరములలో ఈ.ఎం.టి. అని వ్యవహరించుచున్నారు. 108 అను పేరుతో మనమెల్లర మెరిగిన ఆ సేవ మొలకెత్తినది తెలుగు నేలమీదనే. అచటినుండియే అది మన ఆరణి ప్రాంతమునకు వచ్చినది. ఆ వృత్తాంతమును క్లుప్తముగా మనవి చేయుచున్నాము.

మన యూరికి పేరైన ఆరణి యేరు ఆంధ్రదేశపు కొండలలో పుట్టి, పిచ్చాటూరు మీదుగా సాగి, ఊత్తుకోట, పెరియపాళెము, ఆరణి, పొన్నేరి దాటి పులికాట వద్ద సముద్రమున కలియును. 1960 ఏప్రిల్ 1వ తేదీన పటాస్కర్ తీర్పు ననుసరించి తిరుత్తణి మద్రాసు రాష్ట్రమునకును, సత్యవేడు ప్రాంతము ఆంధ్రకును మారినవి. 1997లో తిరువళ్లూరు జిల్లా యేర్పడినది. ఏరు ఒకటే, సర్కారులు రెండు. కాని చేలో పాము కరచినను, పెద్ద రస్తాపై లారీ గుద్దినను, నొప్పులు పడు తల్లికి వేళ మించినను, ఆపద సరిహద్దు నెరుగదు. పూర్వమిట్టి వేళల ఎడ్లబండియో, అద్దె కారో దొరకుటయే భాగ్యము. బండిలో వైద్యము తెలిసినవాడు కూడ నుండవలెనను తలంపు చాలమందికి లేదు.

ఈ లోపము మన యొక్కరిదే కాదు. ఫ్రెంచి సైన్యపు శస్త్రవైద్యుడు లారే 18వ శతాబ్దపు చివరనే గాయపడినవారి కొరకు వేగముగా పోవు గుర్రపు బండ్ల నేర్పరచినను, పౌరులకు ఆ సౌఖ్యము చాలకాలము అందలేదు. అమెరికాలో సైతము 1960 ప్రాంతమున పెక్కు పట్టణములలో అంత్యక్రియల వ్యాపారము చేయువారే అంబులెన్సులు నడిపెడివారు. 1966లో అచటి జాతీయ విజ్ఞాన పరిషత్తు ప్రమాద మరణములపై నివేదిక వెలువరించి ప్రభుత్వమును మేలుకొలిపినది. మరుసటి యేడు పిట్స్‌బర్గు నగరమున ఫ్రీడమ్ హౌస్ అను అంబులెన్సు సేవ ఆరంభమైనది. పనిపాటలు లేక, లోకముచేత చిన్నచూపు చూడబడిన నల్లజాతి యువకులను పిలిచి, డాక్టర్ పీటర్ సాఫర్ వారికి ప్రాణరక్షణ విద్య నేర్పించెను. 1975లో ఆ సేవ మూతపడినను, వైద్యుడు కానివాడును చక్కని శిక్షణ పొందినచో వీధిలోనే ప్రాణము నిలుపగలడని వారు నిరూపించిరి.

మన దేశమున ఈ దిశగా పెద్ద అడుగు 2005 ఆగస్టు 15న హైదరాబాదులో పడినది. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు స్థాపించిన ఈ.ఎం.ఆర్.ఐ. సంస్థ ఆనాడు 108 సేవను ప్రారంభించినది. బండ్లు కొనుట సులభము. అందు కూర్చుండు మనిషిని తయారుచేయుటయే కష్టము. అందుచే 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు వైద్యుల సహకారముతో ఉన్నత శిక్షణ కూడ మొదలైనది. 2008 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వము ఇదే సేవను తన రాష్ట్రమునకు రప్పించినది. 2009లో సత్యం సంస్థ కూలినను సేవ ఆగలేదు. జీవీకే వారు ఆ భారము వహించిరి. అత్యవసర వైద్యమును వైద్యులకు ప్రత్యేక శాఖగా మన దేశమున గుర్తించినది సైతము 2009లోనే యనిన, ఈ సహాయకులు ఎంత ముందు నడచిరో తెలియగలదు.

ఈ శిక్షణలో నేమి నేర్పుదురు? తమిళనాట జీవశాస్త్రములలోనో, నర్సింగులోనో పట్టము పొందినవారిని తీసికొని, తరగతి గదిలో, ఆసుపత్రిలో, అంబులెన్సులో సుమారు 50 దినములు తర్ఫీదు నిత్తురు. శ్వాసమార్గము, శ్వాస, రక్తప్రసరణ: ఈ మూటిని పరీక్షించుట నేర్తురు. గుండె ఆగినవాని రొమ్ము నడుమ నిమిషమునకు 100 నుండి 120 మారులు, 5 సెంటీమీటర్లకు తగ్గక, 6కు మించక నొక్కవలెను. విరిగిన యెముకకు కదలకుండ బద్ద కట్టవలెను. పాము కరచినచోట కోయరాదు, త్రాడు బిగింపరాదు; కరచిన అవయవమును కదల్పక, విషమునకు విరుగుడు సూది గల ఆసుపత్రికి చేర్చవలెను. దారిలోనే కాన్పు జరిగిన తల్లిని, బిడ్డను కాపాడుటయు వారు నేర్తురు. సందేహము కలిగినచో కేంద్రమునందలి వైద్యుడు ఫోనులో సలహా చెప్పును.

ఇట్టి మనిషి మన గుమ్మము చేరవలెనన్న మన వంతు పని యొకటి కలదు. ఫోనులో "ఆరణి" అని మాత్రము చెప్పిన చాలదు. కోటకు, పట్టుచీరలకు పేరుపడిన ఆరణి తిరువణ్ణామలై జిల్లాలో వేరొకటి కలదు. రెంటికిని నడుమ నూరు కిలోమీటర్లకు పైగా దూరము. కావున తిరువళ్లూరు జిల్లా, పొన్నేరి తాలూకా, ఆరణి అని వరుసగా చెప్పి, దగ్గరి గుడినో, బడినో, బస్సు స్టాండునో గురుతు చెప్పవలెను. ఈ నాలుగు మాటలు తమిళములో చెప్పుట ఇంటిలోని పిల్లలకును, పెద్దలకును నేర్పియుంచుడు. గాయపడినవానికి సాయపడిన చిక్కులు వచ్చునని జంకనక్కరలేదు. 2016లో సుప్రీంకోర్టు తీర్పును, 2019లో మోటారు వాహన చట్ట సవరణయు అట్టివారికి రక్షణ కల్పించినవి.

మరియొక మాట. బయట ఎంత తమిళము మాట్లాడినను, బాధ మిక్కుటమైనపుడు మన ముసలివారి నోట వచ్చునది తల్లిభాషయే. నొప్పి యెక్కడ, ఏ మందు వాడుచున్నావు, ఏది పడదు అను మూడు ప్రశ్నలకు జవాబు తెలుగులో వచ్చినచో దానిని గ్రహించువాడు బండిలో నుండుట యెంత మేలు! రెండు భాషలు పుట్టుకతో అబ్బిన మన సరిహద్దు బిడ్డలకంటె ఈ కొలువునకు తగినవారెవరు? రాత్రి పగలు తేడా లేని శ్రమ; పలువురు "డ్రైవరు ప్రక్క కూర్చుండువాడు" అని తేలికగా చూచుటయు కద్దు. కాని 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టములో ఈ వృత్తికిని స్థానము లభించినది.

మన పిల్లలు డాక్టర్లు, ఇంజనీర్లు కావలెనని కోరుకొనుట సహజమే. ఆ వరుసలో ఈ విద్యను కూడ చేర్చుకొనుడని తల్లిదండ్రులకు విన్నవించుచున్నాము. హైదరాబాదున మొలచి ఆరణి తీరమున నీడనిచ్చుచున్న ఈ చెట్టుకు నీరు పోయుట మనకును ధర్మమే. నూతన సంవత్సరము మన కుటుంబములన్నింటికిని ఆయురారోగ్యముల నొసంగుగాక!