చెన్నపట్టణపు సముద్రద్వారము - రేవుపేట

చెన్నపట్టణపు పూర్వచరిత్రను ముచ్చటించు తెలుగువారు పలువురు దామెర్లవారి దానముతోఁ బ్రారంభించి, 1953లో ఆ పట్టణము లేకయే ఆంధ్రరాష్ట్ర మేర్పడుటతో ముగింతురు. ఈ రెంటి నడుమ ఆ పట్టణము దేనివలన బ్రదికినదో విచారించుట అరుదు. సెయింటు జార్జి కోటకుఁ దూర్పున నున్న సముద్రద్వారమును, దాని నాశ్రయించి పెరిగిన రేవుపేటను ఆధారముగాఁ గొని మేమిందు ఆ విషయమును బరిశీలింపఁ దలఁచితిమి.

1639లో దామెర్ల వేంకటాద్రినాయకుఁడు ఆంగ్లేయ వర్తకుల కీ తీరమున స్థల మొసఁగెను. ఆయన తండ్రి చెన్నప్పనాయకుని పేర నిది చెన్నపట్టణమయ్యెను. ఫ్రాన్సిస్ డే యెన్నుకొనిన యీచోట సహజమైన రేవు లేదు. ఓడలు దూరముగా లంగరు వేసి నిలువవలసినదే. విఱిగిపడు కెరటములను దాఁటించి సరకును మనుష్యులను దరిఁ జేర్చినవి మసూలా పడవలు. మేకులు లేకుండ, పలకలను కొబ్బరినారత్రాళ్లతోఁ గుట్టిన యీ పడవలు కెరటముల తాఁకిడికి వంగునే కాని పగులవు. అవి యొడ్డుఁ జేరు తావున కెదురుగా నుండుటచే సముద్రద్వారము కోటగుమ్మములలోఁ బ్రధానమయ్యెను. సుంకముల వసూలు, సరకుల వేలము, ప్రకటనల నంటించుట అచ్చటనే జరిగెడివి.

1732లో ఈ ద్వారమునుండి కోటలోపలికి నల్లరాతి స్తంభములతో నడవ నిర్మింపఁబడెను. 1746లో కోటను బట్టుకొనిన ఫ్రెంచివారు ఆ స్తంభములను పుదుచ్చేరికిఁ దరలించిరి. 1761లో పుదుచ్చేరి పతనమైన పిదప ఆంగ్లేయులు వానిని మరలఁ దెచ్చుకొనిరి. శత్రువులు సయితము ఈ ద్వారమును పట్టణవైభవమునకు గుఱుతుగా నెంచిరని యిందువలనఁ దెలియుచున్నది.

కోటకు నుత్తరమున దేశీయుల పేట వెలసెను. దుబాసి బేరి తిమ్మన్న, కోమట్లు, బేరిసెట్లు అందుఁ బ్రముఖులు. ఆంగ్లేయులు జెంటూ అని వ్యవహరించిన తెలుగు ఆ వీథులలో వర్తకభాషగా నుండెను. 1707లో కుడి యెడమ కులపక్షముల నడుమఁ గలహము పుట్టఁగా, గవర్నరు తామస్ పిట్ పెద్దనాయకునిపేటను కుడిపక్షమునకు, ముత్యాలపేటను ఎడమపక్షమునకు నిర్ణయించెను. పాతపేటలోఁ గొంత ఫ్రెంచివారి యేలుబడిలోఁ గూలెను. మిగిలినదానిని, 1758-59లో లాలీ ముట్టడి ముగిసిన పిదప, ఫిరంగులకు బయలు కావలెనని ఆంగ్లేయులే తొలఁగించిరి. 1892లో పూర్తియైన ఉన్నతన్యాయస్థాన భవనము నిలిచినది ఆ పాతపేట నేలమీఁదనే. వర్తకము పై రెండు పేటలకుఁ దరలెను. 1906లో వానికి జార్జిటౌన్ అను పేరు వచ్చెను.

ద్వారము ప్రాధాన్యము తగ్గుటకుఁ గారణము యుద్ధములు కావు. 1861లో సముద్రములోనికి ఇనుపవంతెన కట్టఁబడెను. తరువాత కృత్రిమనౌకాశ్రయమునకై రాతికట్టల నిర్మాణము సాగెను. 1881 నాఁటి తుపాను వానిని భగ్నము చేసినను మరల నిర్మించిరి. తీరము వెంబడి ఉత్తరమునకుఁ గదలు ఇసుకను దక్షిణపుఁగట్ట నిలిపివేయుటచే కోటయెదుట మేట వేసి సముద్రము వెనుకకుఁ దగ్గెను. ఉత్తరమున రాయపురపుఁ దీరము కోఁతకు లోనయ్యెను. రేవు లేని పట్టణమునకు రేవు సమకూడిన నాఁడే సముద్రద్వారమునకు సముద్రము దూరమయ్యెను. మసూలా పడవల వృత్తియు క్షీణించెను.

చెన్నపట్టణముతోఁ దెలుగువారి సంబంధమును కేవలము దానపత్రముపై నిలుపుట చాలదని మా యభిప్రాయము. భూమి నొసఁగిన నాయకునితోఁ బాటు, ఆ ద్వారముకడ నిత్యము బేరము నడపిన వర్తకుఁడును, దుబాసియు చరిత్రలో స్థానము పొందవలసినవారే. సెయింటు జార్జి కోట దినచర్యలు, ఆలోచనసభల నివేదికలు అచ్చుపడి యున్నవి. వానియందలి తెలుగు పేర్లను, వృత్తులను, వీథులను వరుసగా నేర్చి కూర్చినచో ఈ రేవుపేట చరిత్ర సమగ్రమగును. పరిశోధక విద్యార్థు లీ పనికిఁ బూనుకొందురు గాక!