హుస్సేన్ సాగర్ ఒడ్డున ఒక శనివారం

వర్లి చాల్లో పెరిగిన మాకు హైదరాబాద్ అంటే పాలమూరు పోయే దారిలో బస్సు మారే ఊరు. 2023 ఫిబ్రవరి 11న మాత్రం ఆ ఊరి కోసమే పోయినం. ముంబైలో ఎక్కిన బండి పేరు హుస్సేన్ సాగర్ ఎక్స్‌ప్రెస్, రేసు కూడా ఆ చెరువు ఒడ్డునే!

బ్యాటరీ కార్ల ఫార్ములా ఈ పోటీ మన దేశానికి రావడం అదే మొదటిసారి. గ్రేటర్ నోయిడాలో 2011 నుంచి 2013 దాకా జరిగిన ఫార్ములా వన్ రేసులను టీవీలోనే చూసినం. ఇక్కడ రోజూ బస్సులు తిరిగే ఎన్టీఆర్ మార్గ్‌నే ట్రాక్‌లో కలిపిండ్రు.

1982 సమ్మె దాకా మిల్లులో మగ్గాల మధ్య పనిచేసిన నాయినకు చెవులు సరిగ్గా వినబడవు. రేసు అంటే మోతే కదా, ఆయనకేం తెలుస్తదిలే అనుకున్నం. మేమైతే చెవుల్లో పెట్టుకోను దూది కూడా తెచ్చుకున్నం. తీరా చూస్తే కార్లు ఈల వేసినట్టు సన్నగా కూస్తూ పోయినయి. దూది జేబులోనే ఉండిపోయింది. జాగ్వార్ జట్టు కార్లు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకున్నప్పుడు, తెర మీద చూసి మాకంటే ముందు లేచింది నాయినే.

చివరి ల్యాపుల్లో ముందున్న ఫ్రెంచి డ్రైవర్ వెర్న్ దగ్గర చార్జి తక్కువ, వెనకాల తరుముతున్న కాసిడీ దగ్గర ఎక్కువ. అయినా దారి ఇవ్వలేదు. అర సెకను లోపు తేడాతో వెర్న్ గెలిచిండు.

2024లో జరగాల్సిన రేసు రద్దయింది. ఇంటికి ఎవరొచ్చినా నాయిన రెండు అరచేతులూ ఒకదాని వెనక ఒకటి పెట్టి, ఆ చివరి ల్యాపు చూపిస్తడు.