పేర్లు చెరిపేసిన అరవై ఫైళ్లు

ఆడపిల్లలా మెలిగే కొడుకును చూసి గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్లు, మగవాణ్ణే ఇష్టపడుతున్నాడని తెలిసి మందు కోసం డాక్టరు దగ్గరికి లాక్కుపోయేవాళ్లు మన ముద్దనూరు, జమ్మలమడుగు వైపూ ఉన్నారు. వాళ్లందరికీ ఈ కథ తెలియాలి.

1940ల్లో అమెరికా డాక్టర్లది ఒకటే మాట: మగవాణ్ణి ప్రేమించే మగవాడు మానసిక రోగి. నిజానికి వాళ్లు చూసింది ఆస్పత్రికి వచ్చినవాళ్లను, జైల్లో పడ్డవాళ్లను. లాస్ ఏంజెలెస్‌లో మనస్తత్వశాస్త్రం చెప్పే ఈవ్లిన్ హూకర్ దగ్గర ఆమె శిష్యుడు శామ్ ఫ్రమ్ పట్టుబట్టాడు, మామూలుగా బతుకుతున్న మాలాంటివాళ్లను పరిశీలించమని.

ఆమె అలాంటివాళ్లను 30 మందిని, ఆడవాళ్లను ఇష్టపడే మగవాళ్లను 30 మందిని ఎంచుకుంది. వయసు, చదువు, తెలివితేటలు సరిచూసి జతలు కట్టింది. అప్పట్లో బయటపడితే ఉద్యోగం పోయేది, జైలు భయమూ ఉండేది. అందుకే యూనివర్సిటీకి రప్పించకుండా తన ఇంటి తోటలోని గదిలో కూర్చోబెట్టి మాట్లాడింది. సిరా మరకల అట్టలు ఒక్కొక్కటే చూపించి, ఏం కనబడుతోందో చెప్పమంది. తర్వాత పేర్లు తీసేసి ఆ జవాబులను నిపుణులకిచ్చింది. వాళ్లలో బ్రూనో క్లోప్ఫర్ ఆ పరీక్షలో ఆరితేరినవాడు. అయినా ఏది ఎవరిదో పోల్చుకోలేకపోయారు. బొమ్మా బొరుసూ వేసి చెప్పినా అంతే! రెండు గుంపుల్లోనూ మూడింట రెండొంతుల మంది మనసు కుదురుగానే ఉందన్నారు. 1957లో అది అచ్చయింది. 1973లో అమెరికా మానసిక వైద్యుల సంఘం, 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ప్రేమను జబ్బుల జాబితాలోంచి తీసేశాయి.

మన దగ్గర ఇంకా ఆలస్యమైంది. 1919లో నిజాం సర్కారు తెచ్చిన చట్టం హిజ్రాల పేర్లు రిజిస్టరుకెక్కించి, ఆడబట్టల్లో వీధిలో కనబడితే వారెంటు లేకుండా పట్టుకోమంది. 1800లోనే కుంపిణీ చేతికొచ్చిన మన కడపకు అది వర్తించలేదు గానీ, స్వలింగ సంబంధాన్ని నేరం చేసిన ఇంగ్లీషువాళ్ల 377 సెక్షను మనల్నీ వదల్లేదు. ఆడో మగో తేల్చాల్సింది ఒంటిని బట్టి కాదు, మనసును బట్టేనని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో 377 కోరలు పీకింది. ట్రాన్స్‌జెండర్ కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి, ఆమె తోటివాళ్లు పోరాడితే 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు నిజాం చట్టాన్ని కొట్టేసింది.

స్వలింగ ప్రేమ జబ్బు కాదని భారత మానసిక వైద్యుల సంఘమూ 2018లో తేల్చి చెప్పింది. మారుస్తానంటూ వైద్యం చేయడం డాక్టరుకు తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. కాబట్టి అమ్మా, అయ్యా, పిల్లల్ని మందులకూ మంత్రాలకూ తిప్పకండి. దిగులుగా ఉంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి.