చవక కేసెట్ ఆట: చరిత్రరచనకు ఒక ఆధారం

అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా గ్రంథాలయంగా ఆరంభమైంది. తాళపత్రాన్నీ అచ్చుపుస్తకాన్నీ ఆధారాలుగా స్వీకరించే పరిశోధన సంప్రదాయానికి అది ప్రతీక. తొలినాటి కంప్యూటర్ ఆటలకు ఆ ఆధారాలలో స్థానముందా అన్నదే ఈ వ్యాసం పరిశీలించే అంశం.

జెరెమీ స్మిత్ రూపొందించిన 'థ్రస్ట్' 1986లో బి.బి.సి. మైక్రోపై వెలువడింది. కామడోర్ 64పై దానిని ఫైర్‌బర్డ్ సంస్థ 1.99 పౌండ్లకే విక్రయించింది. ఆటగాడు గుహలోని తుపాకులను తప్పించుకుంటూ, ఒక గోళాన్ని నౌకకు తగిలించుకుని పైకి తేవాలి. ఎత్తిన బరువు నౌకనే ఊగిసలాడిస్తుంది. గురుత్వాన్ని, జడత్వాన్ని చేతికి అనుభవంలోకి తేవడమే ఈ ఆట విశిష్టత.

భారతప్రభుత్వం 1984-85లో 'క్లాస్' పథకం కింద పాఠశాలలకు అందించినవి కూడా బి.బి.సి. మైక్రోలే. కాబట్టి ఈ యంత్రంపై నడిచిన ఆటలు మన విద్యాచరిత్రకూ సంబంధించినవే. అయితే 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టపు నిర్వచనంలో పుస్తకంతోపాటు పటానికి, సంగీతలిపి పుటకు చోటుంది. ప్రోగ్రాము నిక్షిప్తమైన కేసెట్‌కు లేదు.

అయస్కాంత టేపు కాలక్రమంలో క్షీణిస్తుంది. ఆనాటి విద్యార్థులు నేడు యాభై దాటినవారు. కనుక కేసెట్లతోపాటు వారి మౌఖిక సాక్ష్యాలను కూడా ఇప్పుడే సేకరించడం పరిశోధకుల తక్షణ కర్తవ్యం.