పెర్జీనె కోటలో వేసవి

పశ్చిమగోదావరిమండలమునుండి సీమకు బోయిన యాంధ్రయువకులలో మన చదువరులకు మిక్కిలి పరిచితుడగువాడు నిజముగ జన్మించినవాడు కాడు. అతడు మొగల్తూరి పార్వతీశము. ఏలూరికి జేరువనున్న గుండుగొలనున జన్మించిన మొక్కపాటి నరసింహశాస్త్రిగారు వానిని సృష్టించిరి. "బారిష్టరు పార్వతీశము" ప్రథమభాగము 1924వ సంవత్సరమున వెలువడినది. పార్వతీశ మెచ్చటికి బోయినను మొగల్తూరు వానివెంటనే యుండును. పొగయోడలోను, ఫ్రాంసుదేశమునను, ఎడింబరోనగరమునను వాడు పడిన పాట్లన్నియు తెలుగువాని పాట్లే. వానిని వాడు తెలుగుననే చెప్పుకొని, తెలుగువారినే నవ్వించెను.

ఆ 1924వ సంవత్సరపు వేసవియందే నిజముగ జన్మించిన తెలుగుసోదరు లిద్దఱు ఇటలీదేశమున నొక కొండకోటలో విడిసియుండిరి. వారిలో చిన్నవాడు సీమలో న్యాయశాస్త్రము చదివినవాడు. పెద్దవాడు పదియేండ్ల ప్రవాసముపిమ్మట స్వదేశమునకు వచ్చి, నాలుగునెలలు గడవకమున్నే మరల నోడనెక్కినవాడు. పార్వతీశమునకు దేని కెన్నడును లోపము కలుగలేదో యాసోదరులకు అదియే కఱవయ్యెను. వారు జిడ్డు కృష్ణమూర్తి, జిడ్డు నిత్యానందులు. ఆ వేసవినిగూర్చియు, దానికి ముందువెనుకల నడచిన వృత్తాంతమునుగూర్చియు విచారించుటయే యీ వ్యాసోద్దేశము. కృష్ణమూర్తిగారి తత్త్వమును ఖండించుటగాని సమర్థించుటగాని యిచట నుద్దేశింపబడలేదు.

కృష్ణమూర్తిగారు 1895వ సంవత్సరము మేనెలలో మదనపల్లెయందు జన్మించిరి. ఎనిమిదవ సంతానమగుటచే శ్రీకృష్ణుని పేరు పెట్టబడినది. తండ్రి నారాయణయ్యగారు ప్రభుత్వపు రివెన్యూశాఖలో నుద్యోగము చేసినవారు, తల్లి సంజీవమ్మగారు. నిత్యానందులు 1898లో జన్మించిరి. 1905లో తల్లి గతించెను. నారాయణయ్యగారు పదవీవిరమణానంతరము 1909వ సంవత్సరారంభమున పిల్లలతో చెన్నపట్టణపు అడయారునందలి దివ్యజ్ఞానసమాజమున కొలువుచేయ వచ్చిరి. ఆ సంవత్సరముననే సమాజప్రముఖులలో నొకడగు లెడ్‌బీటరు ఆ పదునాలుగేండ్ల బాలుని చూచి, రాబోవు జగద్గురువునకు వాహనము కాదగినవాడని నిశ్చయించెను. 1910 మార్చిలో నారాయణయ్యగారు తన యిద్దఱు కుమారుల సంరక్షణభారమును ఆనీబిసెంటమ్మగారి కప్పగించుచు పత్రము వ్రాసియిచ్చిరి. 1911లో సోదరులు తొలిసారి సీమ చూచివచ్చిరి. 1912 మొదట మరల బయలుదేఱి యించుమించు పదియేండ్లు తిరిగి రాలేదు.

ఆ పత్రమునుగూర్చి తండ్రి పిదప మనసు మార్చుకొనెను. 1912లో ఆయన వ్యాజ్యెము వేసి, కుమారులను తనకు దిరిగి యిప్పింపుమని కోరెను. బిసెంటమ్మగారు వకీలును పెట్టుకొనక తామే వాదించుకొనిరి. 1913 ఏప్రిలున హైకోర్టు న్యాయమూర్తి బేక్‌వెల్ తండ్రిపక్షమున తీర్పు చెప్పెను. అప్పీలునందును ఆ తీర్పే నిలిచెను. కాని 1914 మేనెలలో లండనునందలి ప్రీవీకౌన్సిలు దానిని త్రోసివేసెను. బాలురు సీమలో నుండగా వారి యిష్టానిష్టములు విచారింపకయే తీర్పు చెప్పుట తగదనియు, అట్టి యుత్తరువు వారున్నచోటి న్యాయస్థానమే యీయవలసినదనియు కౌన్సిలువారు తలచిరి. తండ్రి తన సంరక్షణాధికారము నొరుల కొప్పగించినను అది రద్దుపఱుప వీలులేని యొప్పందము కాదని యీ వ్యాజ్యెమున నిర్ణయింపబడిన ధర్మసూక్ష్మమును న్యాయవాదులు నేటికిని ఉదాహరింతురు. ఇట్లు నారాయణయ్యగారి హక్కు శాస్త్రమున గెలిచెను. బిడ్డలు మాత్రము సీమలోనే నిలిచిపోయిరి. తొలితీర్పు నెరవేఱి యా బాలురు పదునెనిమిదేండ్లకును పదునైదేండ్లకును ఇల్లు చేరియున్నచో వారి చరిత్రమేమయ్యెడిదో యూహించుట చరిత్రకారుని పని కాదు. కాని యా ప్రవాసము వలన నేది పోయెనో లెక్కించుట వాని పనియే.

మొదట పోయినది భాష. అడయారునకు వచ్చిన దినములలో ఆ బాలురకు ఇంగ్లీషు స్వల్పముగ మాత్రమే తెలియును. సీమలో వారిని పెంచినవారును, చదువు చెప్పినవారును, ఆదరించినవారును ఆంగ్లేయులు. ఆక్స్‌ఫర్డువారు వారిని చేర్చుకొన నంగీకరింపలేదు. లండను విశ్వవిద్యాలయపు ప్రవేశపరీక్షలో నిత్యానందులు నెగ్గిరి. కృష్ణమూర్తిగారు పలుమారులు కూర్చుండియు తప్పిరి. 1920లో పారిసునకు బోయి ఫ్రెంచిభాష యభ్యసించిరి. ఇట్లొక భాషపై నొక భాష వచ్చిచేరుచుండ, పుట్టుభాష జాఱిపోయెను. ఆయన తెలుగు మఱచిరి. మఱి యే దేశభాషయు దాని చోట నేర్చుకొనలేదు. విదేశమున నున్నవాడు కట్టుబొట్టులు మార్చుకొనుట సులభము, మరల ధరించుటయు సులభమే. స్వదేశమున నుండునపు డాయన హిందూదేశపు దుస్తులే ధరించుచుండిరి. శాకాహారమును తుదివఱకు విడువలేదు. అందు బ్రాహ్మణగృహమున గలిగిన యలవాటును దివ్యజ్ఞానసమాజపు నియమమును ఒకదానికొకటి తోడ్పడినవి. తెలుగునకు మాత్రమట్టి తోడు సీమలో దొరకలేదు.

1921 డిసెంబరు 3వ తేదిని సోదరులు బొంబాయిలో దిగిరి. నిత్యానందులకు ఆ సంవత్సరముననే క్షయవ్యాధి బయటపడియుండెను. 1922 జనవరిలో వారు చెన్నపట్టణమున తండ్రిని దర్శించి పాదములకు నమస్కరించిరి. ఆ వృద్ధుడు కన్నీటిచే మాట పెగలకుండెనని మేరీ లుటియెన్సుగారు తమ జీవితచరిత్రమున వ్రాసియున్నారు. న్యాయస్థానములలో బిడ్డలకై పోరాడిన తండ్రి, తనభాష మఱచి వచ్చిన కుమారుని ముందు నిలిచిన యా గడియనుగూర్చి యింతకంటె నెక్కువ చెప్పబూనుట కల్పనయగును. మార్చినెలలో సోదరులు ఆస్ట్రేలియాకు బయలుదేఱిరి. అటనుండి జూలైలో అమెరికాకు బోయి కాలిఫోర్నియాలోని ఓహైలోయ చేరిరి. అచటి పొడిగాలి నిత్యానందుల రోగమునకు మేలు చేయునని వైద్యుల యాశ.

ఓహైలో 1922 ఆగష్టునెలయందు కృష్ణమూర్తిగారికి వెన్నునందును తలయందును తీవ్రమైన బాధ మొదలిడెను. ప్రక్కనున్నవారు దానిని ఆధ్యాత్మికపరిణామముగ భావించిరి. దాని స్వరూపనిర్ణయ మిచట నప్రస్తుతము. నిత్యానందులు వ్రాసియుంచిన వృత్తాంతమున నొక్క యంశము మాత్రము మన విచారణకు ముఖ్యము. ఆ బాధాసమయమున కృష్ణమూర్తిగారు తమకు పరిచర్యచేయుచున్న యమెరికాయువతిని మృతురాలగు తమ తల్లిగా భావించి మాటలాడిరట. అప్పటికి తల్లి పోయి పదునాఱేండ్లు దాటినవి. ఆమె మాటలాడిన భాష పోయినది. ఆమె మాత్రము పోలేదు.

1923 వేసవిలో సోదరులు ఐరోపాకు వచ్చి, వియన్నానగరపు మహాసభ ముగియగనే ఆస్ట్రియాదేశపు టిరోలుసీమలో ఎర్వాల్డు అను గ్రామమున మిత్రులతో కొన్ని వారములు గడపిరి. ఆ గ్రామము జర్మనీదేశమున నెల్ల నున్నతమైన త్సుగ్‌ష్పిట్సె శిఖరపు పాదమున నున్నది. చలికాలమునకు ఓహై చేరిరి. 1924 ఫిబ్రవరిలో నారాయణయ్యగారు చెన్నపట్టణమున గతించిరి. ఆ వేసవియందు మరల వచ్చిన యాత్రయే పెర్జీనెయాత్ర. తండ్రిపోయిన పిమ్మట వచ్చిన తొలివేసవి యదియే.

మొదట హాలండుదేశమున సభలు జరిగినవి. ఓమెనునొద్ద ఫిలిప్ వాన్ పాలాంట్ అను ప్రభువు తన యేర్డెకోటను, ఐదువేల యెకరముల భూమిని కృష్ణమూర్తిగారి కర్పింప సిద్ధపడియుండెను. అచటి తొలి శిబిరము ముగిసినపిదప ఆగష్టున చిన్నబృందమొకటి పెర్జీనెకు బోయెను. పెర్జీనె ట్రెంటోపట్టణమునకు తూర్పున, వల్సుగానాలోయ మొదట నున్న యూరు. మొదటి ప్రపంచయుద్ధమువఱకు అది ఆస్ట్రియా సామ్రాజ్యములోనిది. 1919 నాటి సంధివలన ఇటలీకి సంక్రమించినది. ఊరిపైని గుట్టమీద మధ్యయుగముల నాటి కోట. దానినప్పుడు పాంథనివాసముగ మార్చి యాత్రికులకు వసతి యిచ్చుచుండిరి. క్రింద కాల్డొనాట్సో సరస్సు. కొల్లేటివలె నెల్లలు మార్చుకొను నీటిబయలు గాదది. కొండలనడుమ నొదిగిన లోతైన మడుగు.

బృందమున ఎమిలీ లుటియెన్సుదొరసాని, ఆమె కుమార్తెలు బెట్టియు మేరీయు, రాజగోపాలాచార్యులు మొదలగు వారుండిరి. ఎమిలీదొరసాని భర్తయగు ఎడ్విను లుటియెన్సు అప్పుడు క్రొత్తఢిల్లీనగరమును నిర్మించుచుండిన శిల్పి. భర్త హిందూదేశమున బ్రిటిషు ప్రభుత్వమునకు రాజధాని కట్టుచుండగా, భార్య యైరోపాకోటలో నొక మదనపల్లె యువకుని మాట వినుచు కూర్చుండుట యా కాలపు వింతలలో నొకటి. ఉదయము కోటదిగువ మైదానమున బంతియాట. పిమ్మట చెట్లనీడను కృష్ణమూర్తిగారి ప్రసంగము. సాయంకాలమైన పిదప ఓహైలో మొదలైన యా బాధయే మరల. ఇట్లు సెప్టెంబరు నెలాఖరువఱకు దినములు గడచినవి. అచటి ప్రసంగములు పిదప చిన్న ఇంగ్లీషుపుస్తకముగ వెలువడినవి.

ఆ ప్రసంగములు విన్నవారు పదిపండ్రెండుగురికి మించరు. వారితో కృష్ణమూర్తిగారు ఉన్నతవేదిక నెక్కిన యాచార్యునివలె గాక, ఆటలాడి యలసిన సమవయస్కునివలె మాటలాడిరి. పరీక్షలలో తప్పినవాడు, సభలలో నొరులు వ్రాసియిచ్చిన పాత్రను వహించుచు వచ్చినవాడు, ఇట్టి చిన్నగుంపుల నడుమనే స్వంతగొంతు సవరించుకొనెనని తోచుచున్నది. ప్రశ్న వేయుట, శ్రోతను తనతోడ నడిపించుట, ప్రమాణవాక్యముల నాశ్రయింపకుండుట యను లక్షణములు ఆయన యుత్తరజీవితమున ప్రసిద్ధములు. అవి యొక్క పెర్జీనెయందే పుట్టినవనుట సాహసమగును; ఆ వేసవిప్రసంగములు సమాజపు పరిభాషతో నింకను నిండియున్నవి. కాని గుంపు చిన్నది, వేదిక లేదు, తీఱికయున్నది. గొంతు పెరుగుటకు వలసిన నేల యట్టిది.

ఆ గొంతు ఇంగ్లీషుగొంతు. ఇదియే మనము నిష్పక్షపాతముగ నంగీకరింపవలసిన విషయము. తెలుగువారు కృష్ణమూర్తిగారిని మనవాడని చెప్పుకొనుట కలదు. పుట్టుక చేతనైన నది సత్యమే. కాని యాయన వాక్యమున తెలుగునుడికారపు జాడలు వెదకువారు నిరాశనొందుదురు. నాటి శ్రోతలయందు తెలుగెఱిగినవారు దొరకుట యరుదు గనుక, నేర్చుకొనవలసిన యగత్యమును ఆయనకు కలుగలేదు.

మిగిలిన వృత్తాంతము సంగ్రహముగ జెప్పవచ్చును. ఆ శీతకాలమున సోదరులు వెనిసునగరమున నోడనెక్కి స్వదేశమునకు వచ్చిరి. నిత్యానందుల రోగము తిరుగబెట్టెను. 1925 నవంబరు 13వ తేదిని ఆయన ఓహైలో మరణించిరి. కృష్ణమూర్తిగారప్పుడు హిందూదేశమునకు వచ్చుచున్న యోడలో నుండిరి; సూయజుకాలువ ప్రవేశించునప్పుడు తంతివార్త యందెను. మదనపల్లెయింటి బాల్యమును తనతో గూడ జ్ఞాపకముంచుకొని, ప్రవాసమంతయు ప్రక్కనున్న యొక్క మనుష్యుడు దానితో పోయెను. తమ్ముని జీవితమునకు మహాత్ములు రక్షయిచ్చిరను నమ్మకమును దానితోడనే సడలెను. 1929 ఆగష్టు 3వ తేదిని కృష్ణమూర్తిగారు ఓమెనుశిబిరమున తమ పేర వెలసిన సంఘమును రద్దుచేసి, వచ్చిన యాస్తులను తిరిగి యిచ్చివేసిరి. ఏర్డెకోట మరల ప్రభువున కందెను.

ఆయన జన్మభూమిని విడనాడలేదు. మదనపల్లెకు చేరువనున్న ఋషివ్యాలి విద్యాలయ మాయన స్థాపించినదే. 1985 డిసెంబరులోగూడ అచటికి వచ్చి యుపాధ్యాయులతోను విద్యార్థులతోను మాటలాడిరి. 1986 ఫిబ్రవరి 17వ తేదిని ఓహైలో దేహము చాలించిరి. పుట్టినయూరికి కొలదిమైళ్ల దూరమున, తెలుగుపల్లెల నడుమ కూర్చుండియు ఆయన యింగ్లీషుననే మాటలాడవలసివచ్చెను.

కాబట్టి కృష్ణమూర్తిగారు మనవారా యను ప్రశ్నకు గర్వముతో గాక లెక్కతో బదులు చెప్పవలెను. పెర్జీనె వేసవిని మనకు దెలిపినది లుటియెన్సు కుటుంబమువారి రచనలు. వారు తాము చూచినది వ్రాసిరి. తాము చూడనిదానిని, అనగా మఱపునకు వచ్చిన యొక యింటిభాషను, వారు వ్రాయలేరు. ఆ భాగము తెలుగువారు వ్రాయవలసినది. నారాయణయ్యగారిని మొండి తండ్రిగనో, గొప్ప యుద్దేశమునకు అడ్డువచ్చినవానిగనో చూపుట వాడుకయైనది. హైకోర్టు తీర్పులను, ప్రీవీకౌన్సిలు తీర్పును తెలుగున వివరించి, ఆ వృద్ధుడేమి కోరెనో, ఏ కారణమున కోరెనో చదువరుల ముందుంచిన చాలును. ఇచ్చిన సమ్మతిని మరల తీసికొనవచ్చునని ధర్మాసనము చెప్పెను. జాఱిన భాషను మరల నిప్పించు నధికారము ఏ ధర్మాసనమునకును లేదు. పార్వతీశముతో పాటు ఈ సోదరుల యాత్రను గూడ మన సీమయాత్రల చరిత్రమున చేర్చి చదివినపుడుగాని, సముద్రము దాటిన తెలుగువాడు గెలుచుకొని తెచ్చినదియు, విడిచివచ్చినదియు ఒక్క పట్టికలో కానరావు.