ఇంటి కప్పు నుండి ఖండాంతరములకు

విజయవాడలో మాకొక మిత్రుడు కలడు. పగలు బ్యాంకు ఉద్యోగము చేసికొని, రాత్రులు రేడియో ముందు కూర్చుండును. అతని మేడమీది వెదురుగడ నుండి పెరటిలోని కొబ్బరిచెట్టు వరకు ఒక రాగితీగ సాగియుండును. అదియే అతని ఏరియలు. ఆ తీగ ద్వారా ఆకాశములోనికి అతడు పంపు శక్తి నూరు వాట్లు. మన తండ్రులనాటి పెద్ద దీపపు బల్బు ఒకటి వెలుగుటకు వలసినంత. ప్రభుత్వ పరీక్షలో ఉత్తీర్ణులై, అనుజ్ఞాపత్రము పొంది, తమ యింటినే ఒక రేడియో కేంద్రముగ చేసికొనిన ఇట్టివారిని అమెచ్యూర్లనియు, వాడుకలో హాములనియు అందురు. వీరికి ఏటేట ప్రపంచవ్యాప్తముగ పోటీలు జరుగును.

గడచిన సంవత్సరము మా మిత్రుడు పాల్గొనిన ముఖ్యమైన పోటీలను మేము ప్రక్కన కూర్చుండి చూచితిమి. మొదటి రాత్రియే అతని తల్లిగారు తలుపు దగ్గర నిలిచి, "ఏమిట్రా నాయనా, రాత్రంతా ఈ కీచుమోతలు? ఆ ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మాట్లాడితే నీకేం ఒరుగుతుంది?" అని అడిగిరి. మిత్రుడు నవ్వి ఊరకుండెను. ఆ ప్రశ్నకు సమాధానము నూరేండ్లకు మించిన చరిత్రలో ఉన్నదని మాకు తోచినది. ఆ చరిత్రలో మన ఆకాశవాణికిని, మన తెలుగు ఇండ్లకును గూడ భాగము కలదు.

1912 ఏప్రిలులో టైటానిక్ నౌక మునిగెను. ఆ సంవత్సరమే అమెరికా ప్రభుత్వము రేడియోకు ఒక చట్టము చేసెను. తరంగము ఎంత పొడవైనదైన అంత దూరము పోవునని నాటివారి నమ్మకము. అందుచేత పొడవైన తరంగములను నౌకలకును, సైన్యమునకును, వర్తక సంస్థలకును ఉంచి, 200 మీటర్లు, అంతకు లోపలి పొట్టి తరంగములను అమెచ్యూర్లకు విడిచిరి. పంటకు రాని చవిటినేలను కడగొట్టు కొడుకునకు పంచియిచ్చినట్లుండెను ఆ ఏర్పాటు.

ఆ నేల మొదట చవిటినేలగనే కనిపించెను. 1914లో హార్ట్‌ఫర్డ్ పట్టణమునందు హైరమ్ పెర్సీ మాక్సిమ్ అను ఇంజనీరు, ముప్పది మైళ్ళ లోపుననున్న స్ప్రింగ్‌ఫీల్డునకు తన యింటి నుండి సందేశము పంపజూచి విఫలుడయ్యెను. నడుమనున్న విండ్సర్ లాక్స్ నందలి మిత్రుడొకడు దానిని అందుకొని ముందునకు అందించెను. ఇట్లు ఒకరి నుండి ఒకరు అందుకొనినచో దేశమంతయు దాటవచ్చునుగదా అని తలచి, మాక్సిమ్ ఆ సంవత్సరమే అమెరికన్ రేడియో రిలే లీగును స్థాపించెను. ప్రథమ ప్రపంచ యుద్ధమున అమెరికా ప్రవేశించిన 1917లో ఈ యింటి కేంద్రములన్నియు మూతపడి, 1919లో మరల తెరువబడెను. అప్పుడు వారికి కలిగిన ప్రశ్న ఒక్కటే: మన ధ్వని ఎంత దూరము పోవును?

దానిని తేల్చుటకు 1921 ఫిబ్రవరిలో ఒక పరీక్ష ఏర్పరచిరి. అమెరికాలోని ఇండ్ల నుండి పంపుట, అట్లాంటికునకు ఆవల ఆంగ్లేయ అమెచ్యూర్లు వినుట. ఒక్క కేంద్రమైనను వినిపించినట్లు రుజువు కాలేదు. పంపువాని లోపమా, వినువాని లోపమా అని వివాదము పుట్టెను. ఆ డిసెంబరులో లీగు పాల్ గాడ్లీ అను నిపుణుని ఓడనెక్కించి స్కాట్లండునకు పంపెను. అతడు ఆర్డ్రొస్సన్ అను రేవు పట్టణము చెంత, సముద్రతీరపు పొలములో డేరా వేసి, గుంజలు పాతి, సుమారు 400 మీటర్ల తీగను కట్టెను. అతడు విన్నది నిజమేనని చెప్పుటకు తనిఖీ అధికారి యొకరు ప్రక్కన సాక్షిగ కూర్చుండెను. చలి, వాన, గాలి. అట్టి రాత్రులయందు అతని చెవికి అమెరికా అమెచ్యూర్ల సంకేతములు ఒకదాని వెంట ఒకటి చేరినవి. ఇరువదికి పైగ కేంద్రములు పట్టుబడినవి. గ్రీనిచ్ పట్టణము నుండి వచ్చిన పూర్తి సందేశమొకటి అక్షరము తప్పక అందెను. దానిని పంపిన కేంద్రమును నిర్మించినవారిలో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగు ఒకడు. మన యిండ్లలోని రేడియో పెట్టెలలో మిక్కిలి వాడుకలోనికి వచ్చిన సూపర్‌హెటరోడైన్ పద్ధతి అతడు కనిపెట్టినదే.

1922 పరీక్షలలో ఐరోపావారు విన్న అమెరికా కేంద్రముల సంఖ్య 300 దాటెను. అయినను అంతవరకు జరిగినది ఒకరు పలుకుట, ఒకరు వినుటయే. 1923 నవంబరు 28న ఫ్రాన్సు దేశమున నీస్ పట్టణము నుండి లియాఁ దెలోయ్, హార్ట్‌ఫర్డ్ నుండి ఫ్రెడ్ ష్నెల్ పరస్పరము సంభాషించిరి. వారు వాడినది 200 మీటర్లు కాదు. అందులో దాదాపు సగము. తరంగమును కుదించినకొలది దూరము తగ్గుటకు మారు పెరిగెను. ఆకాశమున నూరు కిలోమీటర్లకు పైన, సూర్యరశ్మిచే విద్యుత్తు పొందిన వాయుపొర యొకటి ఉండవలెనని శాస్త్రజ్ఞులు 1902లోనే ఊహించియుండిరి. 1924 చివర ఇంగ్లండులో ఆపిల్టన్ ప్రయోగము చేసి దానిని రుజువు చేసెను. పొట్టి తరంగములు ఆ పొరను తాకి, మరల నేలకు వంగి, సముద్రములను దాటుచున్నవి.

ఇక మన కథకు వత్తము. 1924 అక్టోబరు 18న లండను చెంతనున్న మిల్ హిల్ పాఠశాల నుండి సెసిల్ గాయ్‌డర్ అను విద్యార్థి, న్యూజీలండులో గొఱ్ఱెల క్షేత్రమునందున్న ఫ్రాంక్ బెల్‌తో రేడియో మీద సంభాషించెను. భూగోళమున దాదాపు ఒక కొన నుండి ఆవలి కొనకు చేరిన సంభాషణ అది. గాయ్‌డర్ వయస్సు అప్పటికి పదునెనిమిది. పండ్రెండేండ్ల తరువాత, 1936లో, ఆ యువకుడే ఆలిండియా రేడియోకు ప్రథమ ముఖ్య ఇంజనీరుగ వచ్చెను.

విశాలమైన దేశము, స్వల్పమైన ధనము. మధ్యమ తరంగ కేంద్రములతో దేశమంతటిని కప్పుట అసాధ్యమని గ్రహించి, ఢిల్లీ, బొంబాయి, మద్రాసు, కలకత్తాలయందు హ్రస్వ తరంగ ట్రాన్స్‌మిటర్లను నెలకొల్పిరి. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రము ప్రారంభమయ్యెను. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న గాని వెలయలేదు. నడుమనున్న ఆ పదేండ్లు, మద్రాసునకు దూరమైన తెలుగు జిల్లాలలో రేడియో గల ఇండ్లవారు ముల్లును మెల్లమెల్లగ త్రిప్పి, గరగరల నడుమ తెలుగు మాటను పట్టుకొనినది హ్రస్వ తరంగముల మీదనే. పనికిరావని పారవేసిన తరంగములు ఆ విధముగ మన చావళ్ళలోనికి వచ్చినవి.

సముద్రము దాటుట సాధ్యమా అను సందేహము తీరిన పిదప, పరీక్ష పోటీగ మారెను. రిలే లీగు 1927లో దేశాంతర పోటీని ప్రారంభించెను. 1933లో, ఇల్లు విడిచి ఆరుబయట కేంద్రము నిలుపు ‘ఫీల్డ్ డే’ వచ్చెను. 1948లో సీక్యూ పత్రిక ప్రపంచవ్యాప్తమైన పోటీ మొదలిడెను. సీక్యూ యనగా హాముల భాషలో "వినువారెవరైనను పలుకుడు" అను పిలుపు. అక్టోబరు చివర మాటలతోను, నవంబరు చివర మోర్సు చుక్క గీతలతోను ఈ పోటీ జరుగును. వ్యవధి 48 గంటలు. మన గడియారము ప్రకారము శనివారము ఉదయము 5.30కు మొదలై సోమవారము 5.30కు ముగియును.

దీని లెక్క చిత్రమైనది. భూగోళమును 40 మండలములుగ విభజించిరి, మనది 22వది. పలుకరించుకొనిన ఇరువురును శబ్దపు స్పష్టతను, తమ మండల సంఖ్యను ఒకరికొకరు చెప్పుకొని లాగు పుస్తకమున వ్రాసికొందురు. విజయవాడ నుండి హైదరాబాదుతో పలికిన గుణములు సున్న. శ్రీలంకతో పలికిన 1. బ్రెజిలుతో పలికిన 3. కలిసిన దేశములను, మండలములను కూడి, ఆ మొత్తముతో గుణములను హెచ్చింతురు. అందుచేత నూరుమార్లు ఒకే దేశముతో పలుకుటకంటె క్రొత్త దేశమొకటి దొరకుట ఘనము.

మా మిత్రుని యేడాది ఫిబ్రవరిలో అమెరికావారి పోటీతో మొదలయ్యెను. అమెరికా మనకు భూగోళమున ఆవలివైపుది. వారి ధ్వని తెలవారుచుండగనో, ప్రొద్దుగ్రుంకుచుండగనో కొద్ది సేపు పలుచగ తోచి మాయమగును. మే చివరి పోటీ రోహిణీ కార్తెలో పడెను. గదిలో ఉక్క, దూరపు మెరుపులచే చెవిలో పటపటలు. రెండవనాడు ఉరుములకు భయపడి ఏరియలును ఊడదీయవలసి వచ్చెను. జూన్ నెలలోను, మరల సెప్టెంబరులోను జపానువారు జరుపు అఖిల ఆసియా పోటీ. అందు చెప్పవలసిన సంఖ్య మండలము కాదు, పలుకువాని వయస్సు! స్త్రీలకు రెండు సున్నలు చెప్పు సౌకర్యము కలదు. ఇరువది యేండ్ల కుఱ్ఱవాడును, ఎనుబది యేండ్ల తాతయు వరుసగ పలుకుట మేము వింటిమి.

నవంబరు రాత్రి యొకటి మాకు మరపురాదు. పగలు 10 మీటర్ల మీదను, సాయంకాలము 20 మీటర్ల మీదను పని జరిపి, రాత్రి 40 మీటర్లకు దిగెను. మూడు గంటల వేళ ఎక్కడనో పసిఫికు దీవి యొకటి వినవచ్చెను. క్రొత్త దేశము, క్రొత్త మండలము. మిత్రుడు పిలిచెను; అవతలివాడు బదులు పలికెను; కాని పేరులో చివరి అక్షరము గాలిలో కలిసిపోయెను. ఆ దీవినుండి ఎవరు పలుకుదురో ఊహించుట కష్టము కాదు. మిత్రుడు కలము పట్టుకొని క్షణకాలము ఊరకుండి, ఆ పంక్తిని అడ్డముగ కొట్టివేసెను. ఇప్పుడు ఇరువైపుల లాగులను కంప్యూటరుతో పోల్చి తప్పులకు దండన విధించుచున్న మాట నిజమే. కాని "విననిదానిని విన్నట్లు వ్రాయరాదు" అని మాత్రమే అతడు మాతో అనెను. ఆర్డ్రొస్సన్ డేరాలో సాక్షిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనిన ధర్మమే యిది. సాక్షి మాత్రము లేడు.

ఈ అలవాటు విలువ ఆపదవేళ తెలియును. 2004 డిసెంబరులో, హైదరాబాదునందలి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున, శ్రీమతి భారతీ ప్రసాద్ నాయకత్వమున ఒక బృందము పోర్ట్ బ్లెయిరునకు పోయి కేంద్రము నిలిపెను. అండమాను దీవుల ధ్వని కొరకు ఏండ్ల తరబడి వేచియుండిన ప్రపంచపు హాములతో వేలకొలది పలుకరింపులు జరిగెను. డిసెంబరు 26 ఉదయము భూమి కంపించెను, సునామీ వచ్చెను. దీవులకు వార్తాసాధనములు దెబ్బతినెను. అప్పుడా బృందము పలుకరింపులు మాని, బ్రదికియున్నవారి క్షేమ సమాచారములను ప్రధాన భూభాగమున ఎదురుచూచు బంధువులకు చేర్చు పనిలో నిమగ్నమయ్యెను. గందరగోళములో ఒక్క పేరును తప్పక వినుట, విన్నదానిని విన్నట్లే వ్రాయుట: ఆ దినములలో వలసినది ఆ విద్యయే.

సోమవారము 5.30కు పోటీ ముగిసెను. మిత్రుడు రేడియో ఆపి కన్నులు నులుముకొనుచుండగ, తల్లిగారు కాఫీ గ్లాసులు తెచ్చి బల్లమీద ఉంచిరి. కొట్టివేసిన పంక్తి గల పుస్తకము వంక చూచి, "ఎంత దూరం పోయిందిరా ఈ రాత్రి?" అని అడిగిరి.